పీత నడిచిన బొంత

జూన్ 11, మంగళవారం

అన్నయ్య వచ్చి వెళ్ళాడు. వేట నిషేధం ఇంకా తీరలేదు కాబట్టి ఖాళీగా ఉన్నాడు. కళింగపట్నం నుంచి మోటారుసైకిలు మీద ఎండుకవళ్ళ చేపల పొట్లం ఒకటి, పాత చీరలో కట్టిన మూట ఒకటి తెచ్చాడు.

"పాక పీకీసి స్లాబు ఏయిస్తన్నాం కదా. అమ్మ ట్రంకుపెట్టి అడుగున ఉన్నాదిది. పారీదామన్నాను. మీ వదిన ఒప్పుకోనేదు. అది అనూరాధ బొంత, దానికే ఇచ్చీ అంది."

గంగరాజు అన్నయ్య కూర్చున్నంతసేపూ ఫ్యాను వైపే చూస్తూ మాట్లాడాడు. సముద్రం ఎంత పొంగినా తెప్ప తోసేసే మనిషి, నా తలకు కట్టుకున్న గుడ్డను చూడలేకపోయాడు. టీ కూడా తాగలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "సూదులన్నీ అయిపోనాయి కదా?" అన్నాడు. కీమో సంగతి. అయిపోయాయన్నాను.

"మరింకేటి" అని మెట్లు దిగిపోయాడు.

మూట విప్పలేదు.

జూన్ 13, గురువారం

విప్పాను.

అమ్మ బొంత. నా ఇంటర్ పరీక్షలైన వేసవిలో మొదలుపెట్టింది, నా పెళ్ళికిస్తానని. పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, శైలజ పుట్టింది, అమ్మ పోయి కూడా పన్నెండేళ్ళయింది. బొంత అలాగే ఉండిపోయింది.

పాత చీరలు పొరలుగా పరిచి, పైన ముక్కలు అతికి, అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ పోవడం అమ్మ పద్ధతి. బయట చుట్లన్నీ సమానంగా, బియ్యపు గింజలు పేర్చినట్టు ఉన్నాయి. లోపలికి వెళ్ళేకొద్దీ కుట్లు వంకరపోయాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒక చుట్టు పక్క చుట్టు మీదికి ఎక్కేసింది. నడిమధ్యన రెండు జానల మేర అసలు కుట్టే లేదు. సూది అక్కడే గుచ్చి ఉంది, తుప్పు పట్టి.

బయటివి అమ్మవి. లోపలి వంకరవి నావి. చూడగానే తెలిసిపోయింది.

విజయనగరం నర్సింగు హాస్టలు నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా అమ్మ నన్ను బొంత ముందు కూర్చోబెట్టేది. ఒడ్డున తిరగేసిన పడవ నీడలో. ఒక పక్క చేపలు ఎండుతుండేవి, ఇంకో పక్క మేము. నా వరస చూసి, "ఇదేటే, పీత నడిసినట్టున్నాది" అనేది అమ్మ, అందరికీ వినబడేటట్టు. కాకులు తోలుకుంటున్న ఆడవాళ్ళంతా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం చచ్చిపోయేదాన్ని.

నా వంకర కుట్లు విప్పేసి మళ్ళీ కుడతాను. ఆగస్టు చివరి దాకా సెలవుంది. ఈ ఏడాది ఒక్క పనైనా సరిగ్గా చేశాననిపించుకోవాలి.

జూన్ 14, శుక్రవారం

సూదిలో దారం ఎక్కలేదు.

జూన్ 16, ఆదివారం

వేళ్ళ కొసలు మొద్దుబారి ఉన్నాయి. సూది పట్టుకున్నానో లేదో చూసుకుంటే గాని తెలియదు. మందుల వల్ల, మెల్లగా తగ్గుతుంది అన్నారు డాక్టరు. ఇదే మాట, ఇదే గొంతుతో నేను ఎంతమందికి చెప్పి ఉంటానో.

ఆదివారం కదా, తెల్లారకముందు నుంచే సూర్యనారాయణస్వామి గుడికి ఆటోలు. కిందింటి వాళ్ళు వీధి అరుగు మీద కొబ్బరికాయలు పేర్చుకుని అమ్ముతున్నారు. అరసవల్లిలో ఉండి నేను ఆదివారం దర్శనానికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో. ఆ జనంలోకి ఇప్పుడు ఈ తలతో అసలు వెళ్ళను.

బావ డ్యూటీకి తయారై, చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా అవస్థ చూశాడు. మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా పనిలో నేను అడిగితే తప్ప చెయ్యి పెట్టని మనిషి. పక్కన కూర్చున్నాడు. కళ్ళజోడు పైకి నెట్టి, దారం కొస నోట్లో తడిపి, ఒక్కసారికే ఎక్కించేశాడు.

"ఎన్ని గావాలి?"

"ఎన్ని ఎక్కిస్తే అన్ని."

"సాయంత్రం దాకా సరిపడా ఎక్కిస్తాను. బస్సు ఆలిస్యమైతే జనం తిట్టేది నన్ను, నిన్ను కాదు" అని ఒక్కొక్కటీ ఎక్కించి తలగడకు వరసగా గుచ్చిపెట్టి వెళ్ళాడు. తలగడకి ముళ్ళు మొలిచినట్టుంది. చూసి నవ్వొచ్చింది. చాలా రోజులకు.

జూన్ 19, బుధవారం

లోపలి చుట్లలో ఒకటి పూర్తిగా విప్పాను. చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ తెంపి, దారం లాగడం. తెల్ల దారం పాతబడి చెక్కరంగుకు తిరిగింది. కొత్తది పక్కన పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని టీ డికాక్షనులో నానబెట్టి ఆరేశాను. సరిగ్గా కలిసిపోయింది. ఎవరూ పోల్చుకోలేరు.

విప్పుతూ ముక్కలు చూసుకుంటున్నాను. ఈ పసుపుది నా మొదటి ఓణీ. ఈ ఇటికరంగు గళ్ళది అమ్మ శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్ళినప్పుడు కట్టుకున్నది. వంశధారలో చక్రతీర్థం స్నానాలకు దిగి, ఆ తోపులాటలో కొంగు చిరిగింది. నన్ను ఎత్తుకునుండటం వల్లే చిరిగిందని ప్రతి శివరాత్రికీ చెప్పేది. తెల్లది నాన్న పొందూరు పంచె, ఆయన దగ్గరున్న ఒకే ఒక్క మంచి పంచె. తర్వాతెప్పుడో అతికిన ఈ ముదురు నీలంది మాత్రం అమ్మ రోజూ కట్టుకున్న చీర. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద తిరిగినదీ దీనితోనే, నన్ను విజయనగరం హాస్టల్లో దింపి, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళినదీ దీనితోనే.

ఎంత ఉతికినా ఆ చీరలో ఉప్పువాసన ఉండేది. ఇప్పుడు లేదు. లేదా నా ముక్కుకే తెలియడం లేదు.

జూన్ 24, సోమవారం

విప్పిన చోట కొత్త వరస కుట్టాను. వంకర. విప్పేశాను. మళ్ళీ కుట్టాను. మొదటిదే నయం. అదీ విప్పేశాను.

జూన్ 27, గురువారం

ఈరోజు కొంచెమే విప్పాను.

జూన్ 30, ఆదివారం

ఈరోజూ కొంచెమే.

జూలై 2, మంగళవారం

కుసుమకుమారి వచ్చింది. నా వార్డులోనే స్టాఫ్ నర్సు; పదేళ్ళుగా ఇద్దరం ఒకే బల్ల దగ్గర టిఫిన్లు తిన్నాం. మెట్ల మీద గొంతు వినగానే నేను దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నాను. "నిద్రపోతోంది" అని బావ చెప్పడం విన్నాను. "లేపొద్దులెండి" అని ఆమె అనడం విన్నాను. బల్ల మీద పళ్ళు పెట్టి వెళ్ళింది.

నిజంగానే నిద్ర వచ్చింది నాకు. దాక్కోవడం కాదు.

ఆమె వస్తే ఏం మాట్లాడాలి? ఎలా ఉన్నావంటే బాగున్నాననాలి. ఆ తర్వాత ఇద్దరి మనసులోనూ ఒకటే ప్రశ్న. శనివారం శనివారం పల్లెలకు వెళ్ళి ఆడవాళ్ళందరికీ రొమ్ములు ఎలా తడిమి చూసుకోవాలో చూపించింది నేను. నా ఒంట్లో గడ్డ నిమ్మకాయంత అయ్యేదాకా నాకు తెలియలేదు. నర్సుని.

జూలై 6, శనివారం

బావతో గొడవ.

విప్పిన చోట్ల మరకలు పోవాలని బొంత సబ్బుపొడిలో నానబెట్టి ఉతికాను. నీళ్ళు పీల్చుకుని నేను ఎత్తలేనంత బరువైంది. ఆపరేషన్ అయిన పక్క చెయ్యితో బరువులెత్తకూడదు. తెలుసు. ఎత్తాను. బావ వచ్చేసరికి చెయ్యి వాచి ఉంది.

"నువ్వు కుట్టినదానికన్నా ఇప్పిందే ఎక్కువ. ఏటి సేస్తన్నావు అనూ? ఎవుల మీద కోపం?"

"వంకరగా ఉంటే విప్పొద్దా?"

"ఉంటే ఉండనీ. కప్పుకుంటే వంకర కనబడతాదేటి?"

"నీకు తెలీదులే బావా" అన్నాను. బావ తడి బొంతను భుజాన వేసుకుని డాబా మీదికి తీసుకెళ్ళి ఆరేశాడు. కిందికి వచ్చాక చొక్కా అంతా నీళ్ళు.

జూలై 7, ఆదివారం

బావ సూదులు ఎక్కించే వెళ్ళాడు. మాట్లాడకుండా.

జూలై 14, ఆదివారం

ఈరోజు జరిగింది రాయాలి. రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున్నే చిన్నతల్లి పిన్ని వచ్చింది. అమ్మకు స్వయానా చెల్లెలు. ఇద్దరూ పక్కపక్క పాకల్లోనే బతుకంతా గడిపారు. నాకు నయమైతే స్వామి దర్శనానికి వస్తానని మొక్కుకుందట. మెట్లు ఒక్కొక్కటీ కాలితో తడుముకుంటూ ఎక్కింది. వచ్చీ రాగానే నా తలగుడ్డ లాగేసింది.

"ఓలమ్మా! సన్నసన్నగా ఎంత బాగా వస్తన్నాయే ఎంట్రుకలు! దీనికేటి ముసుగు?" అని అరచేత్తో తల నిమిరింది. ఈ నాలుగు నెలల్లో నా తలను డాక్టర్లు తప్ప ఎవరూ ముట్టుకోలేదు. నేనే ముట్టుకోనివ్వలేదు.

టీ ఇచ్చాను. గ్లాసు ఒకచోట ఉంటే చెయ్యి ఇంకోచోట పెట్టింది. రెండోసారికి దొరికింది. మంచం మీద కూర్చుని తలగడ మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది.

"సూదులేటే ఇక్కడ?"

"బావ దారాలు ఎక్కించి పెట్టాడు పిన్నీ. నా వేళ్ళు పని చెయ్యడం లేదు."

పిన్ని ఆ సూదులను ఒక్కొక్కటీ వేలితో తడిమింది.

"మీయమ్మకి నాను ఎక్కించీదాన్ని. ఇలాగే. పొద్దున్నే తలగడకి గుచ్చీసి, బుట్టెత్తుకుని ఎల్లిపోయీదాన్ని. నాను తిరిగొచ్చీసరికి అన్నీ ఖాళీ సేసీసీది."

అమ్మకు ఇంకొకరు దారం ఎక్కించడమేమిటి? నాకు అర్థం కాలేదు. పిన్ని బొంత ఒళ్ళోకి లాక్కుంది. కళ్ళతో చూడలేదు, చేత్తో చూసింది. అంచు నుంచి లోపలికి అరచెయ్యి జరుపుకుంటూ వచ్చి, మధ్యలో ఆగిపోయింది.

"లోపల సుట్లు ఏటయిపోనాయే?"

"అవి నావి పిన్నీ. మరీ వంకరగా ఉంటే విప్పేశాను. మళ్ళీ కుడుతున్నాను."

"నీవేటి? నీ వంకరయి ఒక్కటైనా ఉంచిందేటే మీయమ్మ? నువ్వు కుట్టడం, అది ఇప్పించడం, మళ్ళీ కుట్టించడం. నువ్వు ముక్కు సీదుకుంటా ఏడిసీదానివి. బయటున్నాయి సూడు తిన్నగా, అందులో నీవీ ఉన్నాయి, దానివీ ఉన్నాయి. ఏది ఎవరిదో నాకే తెల్దు."

"మరి లోపలివి?"

పిన్ని బొంత మీద అరచెయ్యి అలాగే ఉంచింది.

"అప్పటికి దానికి కళ్ళు పోనాయి కదే."

ఆ మాట నాకు చెవిలో పడింది గాని లోపలికి వెళ్ళలేదు. "ఎవరికి?" అన్నాను.

"గున్నమ్మప్పకి, మీయమ్మకే. సుక్లాలు. పోయేముందు మూడు నాలుగేళ్ళు దానికేటీ ఆనీది కాదు, ఎలుగూ సీకటీ తప్ప. తడుముకుంటా కుట్టీది నీ బొంత. సేపలు అమ్మడానికెల్లలేదు, ఒలకి పనికిరాదు, కూకుని ఏటి సేస్తాది మరి? నా కూతురి బొంత అయిపోవాలి, అయిపోవాలి, అని అదే గోల."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పొద్దంది. నీకు పాలకొండలో ఉజ్జోగం కొత్త, ఒళ్ళో పసిపిల్ల. తెలిస్తే సెలవెట్టీసి వచ్చీసి కూకుంటాదంది. ఆపరేషనంటే దానికి బయం, నువ్వొస్తే సేయించీస్తావని అదో బయం. నువ్వొస్తన్నావని కబురొస్తే సాలు, ఇల్లంతా సర్దించి ఎక్కడివక్కడ పెట్టించీసీది. నువ్వు మెట్టెక్కీసరికి ఎదురొచ్చి నిలబడీది. అడుగులు లెక్కెట్టుకునుండీది."

గుర్తొచ్చింది. అమ్మ ఎప్పుడూ గుమ్మంలో ఎదురొచ్చేది. నా మొహం రెండు చేతులతోనూ పట్టుకుని తడిమి చూసేది, చిక్కిపోయావే అని. అది ప్రేమ అనుకున్నాను. ప్రేమే. చూడటం కూడా అదే అని నాకు తెలియలేదు.

"నేను నర్సుని పిన్నీ" అన్నాను. ఏడ్చాను. బావ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

పిన్ని నన్ను ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చింది. ఆఖరికి అంది:

"నర్సువైతే? పక్క పాకలో ఉన్న నాకే ఆర్నెల్లు తెలీనీనేదది. నువ్వు సూడకపోడం కాదే, అది సూడనివ్వనేదు. రెండూ ఒకటేటి? నీ గడ్డా అంతే. నీకు సెప్పి వచ్చిందేటి అది? ఊరికే నిన్ను నువ్వు కొట్టుకు సావకు. మందులు కొట్టినాయి సాలవా?"

మధ్యాహ్నం బావ పిన్నిని దర్శనానికి తీసుకెళ్ళాడు. నేను బొంత ముందు కూర్చున్నాను. ఎన్ని చుట్లు విప్పానో చూసుకున్నాను. అమ్మ చీకట్లో కుట్టినవి. ఇంకా విప్పనివి కొన్ని మిగిలాయి. నా చెయ్యి నొప్పి పెట్టి ఆగినందువల్ల మిగిలాయి.

జూలై 15, సోమవారం

విప్పిన దారం కోసం వెతికాను. అంతా కవరులో వేసి చెత్తబండికి ఇచ్చేశాను. ఎప్పుడో.

జూలై 16, మంగళవారం

ముట్టుకోలేదు.

జూలై 18, గురువారం

బావ దండెం మీద బొంత తిరగేసి ఆరేస్తూ పిలిచాడు. "అనూ, ఒకసారి రా. ఇవేటో సూడు."

ఎండ పడుతోంది. అమ్మ నీలం చీర ముక్క మీద చిన్న చిన్న గీతలు. బట్ట అంతా వెలిసిపోయింది గాని, దారం కప్పి ఉంచిన చోట మాత్రం పాత ముదురు నీలం అలాగే ఉంది. ఒక గీత పొడుగు, ఒకటి పొట్టి. అమ్మ సూది ఎక్కడ దిగిందో, ఎక్కడ లేచిందో, ఎక్కడ దారి తప్పి పక్క చుట్టు మీదికి వెళ్ళిందో, ఎక్కడ తెలుసుకుని వెనక్కి వచ్చిందో అంతా అక్కడే ఉంది.

నాన్న తెల్ల పంచె మీద ఏమీ లేదు. ఇటికరంగు దాని మీద అక్కడక్కడా.

"దీని మీదే కుట్టీ" అన్నాడు బావ.

బావ భుజానికి తల ఆనించాను. డాబా మీద, పక్కింటి వాళ్ళు చూస్తుండగా. తలకి గుడ్డ కూడా లేదు.

జూలై 25, గురువారం

రోజుకు కాస్త. అమ్మ గీతల మీద.

తిన్నగా కుట్టడం కన్నా ఇదే కష్టం. చెయ్యి తనంతట తాను సరిచెయ్యబోతుంది. ఆపాలి. ఇక్కడ అమ్మ ఎందుకు ఇంత పొడుగు కుట్టు వేసిందో? ఎవరో పిలిచి ఉంటారు. ఇక్కడ ఒకే చోట మూడుసార్లు గుచ్చింది; ముడి దొరకలేదేమో. ఇక్కడ చుట్టు పూర్తిగా అంచు వైపు వెళ్ళిపోయింది, ఏదో ఆలోచనలో పడినట్టు. శైలజ పుట్టినప్పుడు అమ్మ పాలకొండ వచ్చి నాకు కాపడం పెట్టి, బాలింత కారం పెట్టి, ఎర్రగా కాచిన నువ్వులనూనెతో మర్దనా చేసి వెళ్ళింది. అప్పుడు కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత రమ్మంటే రాలేదు. "నాకు ఒడ్డు దాటితే ఊపిరాడదే" అనేది. నేను నమ్మాను.

పంచె మీద గీతలు లేనిచోట నా ఇష్టం. అక్కడికి వచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. వణికితే వణికింది. విప్పడం లేదు.

సాయంత్రం శైలజ విజయనగరం హాస్టలు నుంచి వీడియో కాల్ చేసింది. బొంత చూపించాను. "అమ్మా, డిజైన్ భలే ఉంది" అంది. డిజైనట.

ఆగస్టు 4, ఆదివారం

కళింగపట్నం వెళ్ళాం. పిన్నితో మాట్లాడాలని.

ఊరు మారింది, అన్నయ్య ఇంటికి పిల్లర్లు లేచాయి. అమ్మ పాక ఉన్నచోట ఇసుక, కంకర. సముద్రం వైపు తిరిగి నిలబడితే మాత్రం అంతా పాతదే. వలలు, ఎండుచేపలు, పడవల కింద కుక్కలు. అన్నయ్య ఈసారి నా మొహం చూసి మాట్లాడాడు. "జుత్తు వచ్చింది కదే" అన్నాడు, తనే తెచ్చి పెట్టినంత సంతోషంగా.

పిన్నిని వెలుతురులో కూర్చోబెట్టి కళ్ళు చూశాను. రెండు పాపల మీదా తెల్లగా పొర.

"ఎప్పటినుంచి?"

"ఏటి ఎప్పటినుంచి? ముసిలిదాన్నవనా?"

"పిన్నీ, నా దగ్గర దాచకు. నువ్వు కూడా దాస్తే నేను తట్టుకోలేను."

పిన్ని తల దించుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కన్ను కోస్తారంటేనే కాళ్ళు సల్లబడిపోతన్నాయే. మీయమ్మకీ అంతే."

"కొయ్యరు. నేను పక్కనే ఉంటాను."

"లోపలికి రానిస్తారా నిన్ను?"

"నా ఆసుపత్రే కదా."

అనేశాను. ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కి ఆరు నెలలైంది. ఎక్కనని లోపల ఎప్పుడో అనుకున్నాను.

"నువ్వుంటే వస్తాను. నువ్వు నేకపోతే బల్ల మీంచి నేచి వచ్చీస్తాను, తెలిసిందా?" అంది పిన్ని.

ఆగస్టు 13, మంగళవారం

విశాఖలో స్కాను. ఏమీ లేదు. మళ్ళీ ఆరు నెలలకు రమ్మన్నారు.

బావ బస్సులో కిటికీ పక్క నన్ను కూర్చోబెట్టి, తను ఆ పక్కన కూర్చుని, విజయనగరం దాటేదాకా నిద్రపోయాడు. ఇన్నాళ్ళూ ఈ మనిషి నిద్రపోలేదని అప్పుడు అర్థమైంది.

ఆగస్టు 21, బుధవారం

పిన్నికి కుడి కన్ను ఆపరేషన్ అయింది.

తలగుడ్డ లేకుండా వెళ్ళాను. గేటు దగ్గర కాళ్ళు ఆగాయి. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది, తనకు భయమై. ఆమె పట్టుకున్నందువల్ల నేను నడిచాను. కంటి వార్డు బయట కుసుమకుమారి ఎదురైంది.

"ఆ రోజు నేను నిద్రపోలేదు" అన్నాను.

"తెలుసు. నీ కాళ్ళు దుప్పటి బయటే ఉన్నాయి" అంది. "క్రాఫు బాగుంది, ఉంచేసుకో."

లోపలికి వెళ్ళేటప్పుడు పిన్ని గొంతు పెంచింది. "ఇది నా కూతురు. ఇక్కడే నర్సు. ఇది నేకపోతే నాను పడుకోను." డాక్టరు నవ్వి నాకు గౌను ఇప్పించారు. పిన్ని నా చెయ్యి వదలలేదు. అయిపోయిందని చెప్పినా నమ్మలేదు. "ఇంతేనా? ఈపాటిదానికేనా గున్నమ్మప్ప అలా సచ్చిపోయింది?" అంది. అక్కడే, బల్ల మీదే, కట్టు కట్టిన కంటితో ఏడవబోతే డాక్టరు వద్దని అరిచారు.

ఆగస్టు 22, గురువారం

ఏడవకూడదన్నారు గనక ఇద్దరం ఏడవలేదు. జావ తాగి పడుకున్నాం.

ఆగస్టు 30, శుక్రవారం

నడిమధ్యన మిగిలిన రెండు జానలూ ఈరోజు అయిపోయాయి. అక్కడ ఎవరి గీతలూ లేవు. అమ్మ తుప్పు సూది దిగి ఉన్న చోటి నుంచి మొదలుపెట్టి, చిన్న చిన్న చుట్లు తిప్పుకుంటూ మధ్యకు వచ్చి ముడి వేశాను. ఒకచోట చుట్టు తప్పింది. తప్పిన చోటి నుంచే ముందుకు కుట్టుకుపోయాను.

సోమవారం డ్యూటీలో చేరుతున్నాను.

సెప్టెంబరు 1, ఆదివారం

నిన్నటి నుంచి వాన, తుఫానుగాలి. గుడికి ఆటోల గోల కూడా లేదు. బావ డ్యూటీలో ఉన్నాడు. ఎక్కడో రోడ్డు మీద నీళ్ళట, ఆలస్యం అవుతుందని ఫోను చేశాడు.

పిన్ని ఇంకా మా ఇంట్లోనే ఉంది, నల్ల కళ్ళద్దాలతో. పొద్దుటినుంచీ ఇల్లంతా తిరిగి చూస్తోంది. గోడ మీద మరక చూసింది, నా మొహం మీద మచ్చ చూసింది, గిన్నె అడుగున మాడు చూసి నన్ను తిట్టింది. మధ్యాహ్నం భోజనమయ్యాక బొంత తెచ్చి మంచం మీద పరిచాను.

కిటికీ దగ్గరకు లాగించుకుంది. వంగి, ముక్కు బట్టకు తగిలేంత దగ్గరగా పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టింది. పసుపు ఓణీ దగ్గర ఆగి నవ్వింది. నీలం చీర మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. తర్వాత లోపలి చుట్లలోకి వచ్చింది.

"ఈ వరస ఎవరిదే? మీయమ్మదా, నీదా?"

నేనూ వంగి చూశాను. కొన్ని చుట్లు నేను విప్పినవి, కొన్ని విప్పకుండా వదిలినవి. టీలో నానిన దారం, పాత దారం ఒకేలా ఉన్నాయి. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు, పక్కకు జారి మళ్ళీ వచ్చిన కుట్టు. వేలితో తడిమాను. తిరగేసి చూశాను.

"తెలీదు పిన్నీ."

"నీకూ తెల్దా?"

"నిజంగా తెలీదు."

"సరేలే, మరింకేటి" అంది పిన్ని. కళ్ళద్దాలు సర్దుకుని, కాళ్ళు ముడుచుకుని, గోడ వైపు జరిగి నాకు చోటిచ్చింది. "రా, తొంగో. కప్పు. సలేస్తంది."

కప్పాను.